పాత ఏడో నంబరు

ఇరవై ఆరేండ్లు ఈ తొవ్వ మీద లారీ తోలిన.
కండ్లు మూసుకొని చెప్తుంటి:
జడ్చర్ల దాటినంక మూడో గేరు,
భూత్పూరు కాడ నాలుగో గేరు,
కొత్తకోట డాబాల రెండు రొట్టెలు, ఒక ఉల్లిగడ్డ.
ఇప్పుడు, యాభై తొమ్మిదేండ్లకు,
అల్లుని సైకిలేసుకొని బయలెల్లితే
ఎరికైతున్నది
నాకు గేర్లే తెలుసు, తొవ్వ తెల్వదని.

చదును అనుకున్నది చదును గాదు.
అడ్డాకుల ముందట ఒక ఎత్తున్నది.
కంటికి దొరకది,
తొడలకే దొరుకుతది.
ముప్పై టన్నుల సిమెంటు కింద
ఇన్నేండ్లు ఎట్ల దాసుకున్నదో నా నుంచి.

కొత్త రోడ్డు పక్కపొంటే ఉరుకుతున్నది, నాలుగు వరుసలు.
పాతదాని మీద ఉలువకట్టె పరిచిన్రు
బండ్లు తొక్కితే గింజ రాలుతదని.
తొక్కుకుంట పోయిన.
ఒక్క కాయ పగలలే.
గట్టు మీది ముసలామె నవ్వింది:
"ఏమున్నదయ్యా నీల బరువు?"

కనిమెట్ట దాటినంక తుమ్మముల్లు.
మూతబడ్డ పెట్రోలు బంకు నీడల
చాంద్ బీ పంచరు దుకాణం.
మగని పానం పోయినంక
పానా ఆమె చేతికొచ్చిందట.
ట్యూబును తసలల ముంచింది.
"నీళ్లల్ల ముంచితే గాని
గాలి యాడికెల్లి పోతదో చెప్పది" అన్నది
నా దిక్కు చూడకుంటనే.

అప్పుడడిగిన,
ఎన్నేండ్లనుంచో నాలిక కింద పెట్టుకొని తిరిగినది.
"గా చింతచెట్టు మలుపు కాడ
తొంబై ఎనిమిదిల, వానకాలం, రాత్రి
ఏమన్న... పోయిందా?"

ఏదో తగిలింది ఆ రాత్రి. మెత్తగ.
క్లీనరు నర్సప్ప నిద్రల ఉన్నడు.
నేను గేరు మార్చిన, అంతే.
పెబ్బేరుల ఆపి బంపరు కడిగిన,
చీకట్లనే.

చాంద్ బీ బుడగలు చూస్తున్నది.
ఒక్కటొక్కటే పైకొస్తున్నయి.
చాన సేపటికి,
"ఆ ఏడు మా మేక ఒకటి తప్పిపోయింది" అన్నది.
"మేకనే అనుకో."

మేకనే, అనలే.
మేకనే అనుకో, అన్నది.

ఆకురాయితోని గీకి, సొల్యూషన్ పూసి, నోటితో ఊది
అతుకేసింది.
ఇరవై అయిందన్నది. ఐదొందల నోటిచ్చిన.
పక్క కొట్ల చిల్లర తెచ్చి
నాలుగొందల ఎనభై లెక్కబెట్టి చేతుల పెట్టింది.
తసలల నీళ్లు మాత్రం పారబోయలే.
డాంబరు పగిలిన కాడ మొలిచిన బొప్పాయికి పోసింది.

మలుపు కాడ దిగిన.
చింతచెట్టు కొట్టేసిన్రు, మొద్దున్నది.
కిలోమీటరు రాయి మీద అంకె చెరిగిపోయి
ఊరి పేరుల ఒక్క కొమ్మే మిగిలింది.
సైకిలుకు హారను లేదు, గంటున్నది.
ఒక్కసారి కొట్టిన.
తొండ ఒకటి తల ఎత్తి, మల్ల దించుకున్నది.

ఈడికెల్లి కృష్ణ దాకా దిగుడే అని
లారీల కూసోని అందరికి చెప్తుంటి.
ఏమో.
తొడలు చెప్పాలె.