అస్తరు

విల్నియస్‌లో ఫిబ్రవరి. కుట్టుగదిలో హీటరు
ముసలాడిలా దగ్గి ఊరుకుంటోంది.
డిజైనరు పంపిన బొమ్మలో
ఎర్ర వెల్వెట్ అంగీ, నడుముకి వెండి పట్టీ,
భుజాల మీద, ఎందుకో, ఈకలు.
కింద పెన్సిలుతో: మిగ్లా, మంత్రగత్తె, ఇరవై నాలుగేళ్ళు.

నాకు తెలిసిన మిగ్లాకి అరవై ఏడు.
నూట పన్నెండో పేజీలో ఆమె కుడి మోకాలు
రేపు కురవబోయే మంచుని ఇవాళే చెప్పేస్తుంది.
కప్పుకున్న కంబళి ఏ రంగో రచయిత రాయలేదు,
ఉతికి ఉతికి అది తన రంగు మరిచిపోయిందన్నాడు, అంతే.
ఆ మాట దగ్గర ఆగిపోయి
పదహారో నంబరు ట్రాలీబస్సులో మూడు స్టాపులు దాటిపోయాను
ఒకప్పుడు.

“కెమెరాకి మరుపు కనబడదు, దంగువొలే,
ఎరుపు కనబడుతుంది,”
అన్నాడు కటింగ్ మాస్టరు వైదొతస్, నోట్లో గుండుసూదులతో.
కాదనలేకపోయాను.
మరుపు మీటరెంత అని ఏ కొట్లో అడగను?

నది దాటడం పుస్తకంలో నలభై పేజీలు.
గడ్డకట్టిన నీటి మీద అడుగులు లెక్కపెడుతుంది,
లెక్క తప్పుతుంది, మళ్ళీ ఒకటి నుంచి;
చదివేవాళ్ళ కాళ్ళూ తిమ్మిరెక్కుతాయి.
అవతలి ఒడ్డున తోడేలు.
దాని చెవిలో చచ్చిపోయిన మొగుడి పేరు చెబుతుంది.
అది పక్కకి తప్పుకుంటుంది.
ఎందుకో చివరి పేజీ దాకా ఎవరూ చెప్పరు.

షూటింగు నాటికి తోడేలు ఇంకా పుట్టలేదు.
దాని చోట కర్రకి గుచ్చిన ఆకుపచ్చ దిండు.
ఇనేసా, పాపం, దిండు మీదకి మంత్రదండం విసిరి
నీలిమంట లేచినట్టు కళ్ళు చిట్లించింది.
మంట తర్వాత వస్తుందట.
దవడలు కొట్టుకుంటున్నా ఇరవై ఒక్కసారి విసిరింది.
ఆ పిల్ల మీద కోపం రాలేదు.
ఎవరి మీద రావాలో తేల్చుకోలేక
ఆ రాత్రి ఒక పని చేశాను.

ఇస్త్రీబల్ల మీద పరిచే పాత కంబళి ముక్క కత్తిరించి
అంగీ అస్తరు లోపల, కుడి మోకాలు తగిలే చోట,
మూడు మడతలు పెట్టి కుట్టాను.
వైదొతస్ చూశాడు. ఏమీ అనకుండా దారం తెంపి ఇచ్చాడు.

మర్నాడు మంచు మీద దర్శకుడి కేక:
“కుంటుతున్నావేం?”
“చలి,” అంది ఇనేసా,
నా వైపు చూడకుండా.

విడుదల రోజు, తెర మీద నది.
ఆకాశం నుంచి, తెల్లటి పళ్ళెంలో ఒక ఎర్ర చుక్క.
నాలుగు సెకన్లు.
ఒప్పుకోవాలి, నలభై పేజీల చలీ
ఆ నాలుగింటిలోనే నా వీపున పాకింది.
చుక్క కుడివైపు కొంచెం ఒరిగి నడిచిందా?
గాలి, అంటాడు వైదొతస్.

బయట బల్ల మీద నవల కొత్త ముద్రణ.
అట్ట మీద నా కుట్టుపని: ఎర్ర వెల్వెట్, ఈకలు.
ఒకటి కొన్నాను. అక్షరాలు చిన్నవి చేశారు,
నూట పన్నెండో పేజీ నూట నాలుగైంది.
మోకాలి నొప్పి మాత్రం అలాగే ఉంది.
రేపు మంచు.