అరవై నాట్లు

ఆ పొద్దున జక్కూరులో తుంపర.
పంతొమ్మిది డిగ్రీలు. రన్‌వే పక్క గడ్డి
బూట్లకు అంటుకుంటోంది.
రెక్క కింది ట్యాంకులోంచి గాజు గొట్టంలోకి
గుక్కెడు పెట్రోలు వంపి వెలుతురుకు పెట్టి చూశాను.
నీలంగా ఉంది. అడుగున నీటిబొట్టు లేదు.
లాగ్‌బుక్కులో సంతకం పెట్టాను,
నంజుండయ్య అని, ఎప్పటి వంకరతోనే.

ఎడమ సీట్లో విశాలి, ఇరవై రెండు గంటల అనుభవం.
కుడి సీట్లో మందణ్ణగారు,
జేబులో ఎప్పుడూ యాలకులుండే మనిషి.

నలభై నిమిషాలకు ఫోను మోగింది.
రేడియో కాదు, ఫోను.
"నంజుండా, రాగిచేలో ఉన్నాం" అన్నాడాయన,
బస్టాపులో ఉన్నాం అన్నట్టు.

తర్వాత ఆ అమ్మాయి చెప్పింది:
పొగ లేదు, దగ్గు లేదు.
ముల్లు మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు దిగింది.
రెండువేల మూడొందలు. రెండువేలు. పదిహేడొందలు.
థ్రాటిల్ నెడితే ఇంజను ఇంకా నీరసపడింది.
ఆయన వేడిగాలి పిడి లాగేసరికి
లోపల వేడే మిగల్లేదు.
పంకా మాత్రం గాలికి ఊరికే తిరుగుతోంది,
జాతరయ్యాక రంగులరాట్నంలా.

"నిశ్శబ్దం కాదండీ అది.
తలుపు సందులో గాలి ఈల.
మా బాత్రూం కిటికీ చేసే చప్పుడే.
దాన్ని అక్కడ వినాల్సి రావడమే..."
అని ఆగిపోయింది.

"ముక్కు దించు. అరవై నాట్లు. అరవై మీంచి కళ్ళు తీయకు"
అన్నాడట మందణ్ణ.
పడిపోతున్నప్పుడు ముక్కెత్తాలనే అనిపిస్తుంది ఎవరికైనా.
ఆ ఆశ రెక్కలకు గిట్టదు.

కింద ద్రాక్షతోట, రాతి కూసాలు. వద్దు.
లేఅవుట్, హద్దురాళ్ళు. వద్దు.
తీగలు కనబడవు, స్తంభాలను చూసి
తీగలున్నాయని నమ్మాలి.
వాటికి ఇవతల ఒక పచ్చని చెక్క,
దొడ్డబళ్ళాపురం దారిలో, మునెంకటమ్మది.

ముందు చక్రం విరిగింది. ముక్కు ఎర్రమట్టిలో గుచ్చుకుంది.
మందణ్ణ నుదుటికి మూడు కుట్లు.
విశాలికి ఏమీ కాలేదు,
మూడు రోజులు అన్నం సయించకపోవడం తప్ప.

ఆ మూడు రోజులూ నేను ఇంజను విప్పాను.
ప్లగ్గులు. మాగ్నెటోలు. వడపోత. ఫ్లోటు.
అన్నీ నిర్దోషులే.
ఏదో ఒకటి పాడై ఉంటే పడుకునేవాణ్ణి.
నా సంతకం ఒక్కటే
బల్లమీద నన్ను చూస్తూ మిగిలింది.

నాలుగో రోజు నష్టపరిహారం కాగితంతో వెళ్ళాం.
అరవై నాట్లతో దిగామని మందణ్ణ చెప్పబోతే
"అరవై నాట్లా?" అంది మునెంకటమ్మ,
"నా చేలో నాట్లు అంతకంటే శానా పోయినాయి సామీ, లెక్కబెట్టుకోండి."
విశాలి నవ్వింది. ఆ వారంలో అదే మొదటిసారి.

ఆమె మళ్ళీ నావైపు తిరిగి:
"మీ బండికి పడిశం పట్టిండె, చూసుకోలేదా?
వీళ్ళను దించినంక చూస్తి,
ముక్కులోంచి బొట్టుబొట్టు నీళ్ళు కారతా ఉండె.
తాకితే ఐసు."

కార్బురేటరు గొంతులో
తడిగాలి ఇరుకుదారిన దూరి చల్లబడి
మంచు కట్టింది.
బెంగుళూరులో. స్వెట్టరు వేసుకోవాలా వద్దా అనే పొద్దున.
ఆగిన ఇంజను వేడికి అదే మళ్ళీ కరిగింది.
దొంగ పారిపోలేదు.
రాగిమొలకలకు నీళ్ళు పెట్టి పోయాడు.

రిపోర్టులో కారణం దగ్గర
బహుశా అని మొదలయ్యే ఒక వాక్యం రాశారు.
మునెంకటమ్మ పేరు లేదందులో.
ఆమె వేలికి తగిలిన చలి
ఏ గడిలో రాయాలో వాళ్ళకు తెలియలేదు.

ఇప్పుడు తుంపర పడితే
ఎక్కే ప్రతి పిల్లనీ పిల్లాణ్ణీ రెక్క పట్టుకుని ఆపి అడుగుతాను:
పడిశం పిడి ఎక్కడుందో చూపించు.
కొత్తవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.
చెయ్యి మాత్రం
దాని మీదికి వెళ్ళేదాకా వదలను.