రాగి ఊళ్ళో ఉక్కు పెన్నీ

నెలలో రెండో మంగళవారం
బ్యూట్ ఊరి లైబ్రరీ నేలమాళిగలో
ఏడుగురం చేరతాం.
బయట మోంటానా మంచు,
లోపల హీటర్ దగ్గు.
బల్ల మీద ఆకుపచ్చ ఫెల్టు గుడ్డ,
ఒకప్పుడు పేకాటకు పరిచిందే,
సిగరెట్ కాల్చిన మచ్చ ఇంకా అలాగే ఉంది.

నియమం ఒక్కటే:
కొత్తగా ఏం చేరిందో చూపాలి,
ఎంత పెట్టి కొన్నావని అడక్కూడదు.
అడుగుతారు.
పార్కింగ్‌లో, కారు అద్దం గీకుతూ, గొంతు తగ్గించి.

ముందు లవీనియా పాస్కో.
తెల్ల నూలు గ్లవుజులు తొడుక్కుని
కార్సన్ సిటీ టంకశాల వెండి డాలరును
అంచులతో పట్టి దీపం కిందికి తెస్తుంది,
నిద్రపోయే బిడ్డను చేయి మార్చినట్టు.
డేగ కింద ఆవగింజలంత అక్షరాలు రెండు.
భూతద్దం తిరుగుతుంది బల్ల చుట్టూ.
ఊపిరి తగిలితే మసకేస్తుందని
ఊపిరి బిగబట్టి చూస్తాం.
ఎవరో "అబ్బ!" అంటారు.
ఆ ఒక్క "అబ్బ" కోసమే కదా
ఆమె నెలంతా వేలంపాటల వెంట పడింది.

మిలుటిన్ బస్సు నడుపుతాడు.
అరిగినవంటేనే అతనికి ప్రాణం.
ఈసారీ బఫెలో నికెలే, తేదీ లేనిది.
"పైకి ఉబ్బి ఉంటుంది కదా,
ముందు తేదీయే అరుగుతుంది.
దున్న మాత్రం నిలబడే ఉంటుంది" అంటాడు,
తనే దాన్ని మేపుతున్నట్టు.
ఒకప్పుడు ఇలాంటిదాని మీద యాసిడ్ చుక్క వేశాడు.
ఏడాది తేలింది, విలువ మునిగింది.
"కొట్టి నిజం చెప్పించినట్టయింది" అని
ఆ సీసా పారబోశాడు.

హోబార్ట్ ఖాళీ చేతులు చూపాడు.
"నా సేకరణలో కొత్తగా చేరింది టైటానియం,
కుడి మోకాట్లో.
ధర అడగొద్దు, ఏడుస్తాను."

పదకొండేళ్ళ ఒడెట్‌కు
లాండ్రీ చిల్లరలో దొరికిందట పాత డైము.
మేం వద్దనేలోపే బల్లకేసి కొట్టింది.
ఖణేల్మంది.
లవీనియా కళ్ళు మూసుకుంది నొప్పితో,
మిలుటిన్ కళ్ళు మూసుకున్నాడు వినడానికి.
వెండి అబద్ధమాడదు.

నా వంతు.
అట్ట చట్రం లేదు, ప్లాస్టిక్ కవరు లేదు.
రుమాలు విప్పాను:
పంతొమ్మిది వందల నలభై మూడు, ఉక్కు పెన్నీ,
సగం తుప్పు,
నడిమధ్య మేకు దిగినంత చిల్లు.

ఆ ఏడాది రాగి అంతా యుద్ధానికి పోయింది,
తూటాలకీ తీగలకీ.
నాన్న భూమిలోకి మైలు దిగి
రాగి తవ్వుకొచ్చేవాడు.
శుక్రవారం జీతంలో
రాగి లేని పెన్నీలు.
అమ్మ వాటిని డైములనుకుని
రెండుసార్లు మోసపోయిందట.
నాన్నేం తిట్టాడో నాకు తెలియదు.
ఒకదానికి చిల్లు పొడిచి
అన్నం క్యారేజీ పిడికి వాషరుగా బిగించాడు.
గని మూతబడింది,
కొండ ఉండాల్సిన చోట గొయ్యి మిగిలింది,
పిడి మాత్రం ఊడలేదు.

చిల్లు పడ్డ నాణెం
చిల్లిగవ్వ చేయదని ఇక్కడ అందరికీ తెలుసు.
ఎవరూ "అబ్బ" అనలేదు.
హీటర్ కూడా కాసేపు దగ్గలేదు.

లవీనియా కుడిచేతి గ్లవుజు తీసింది.
పద్దెనిమిదేళ్ళలో ఆమె వేళ్ళు నేను చూడలేదు,
చూపుడువేలి గోరు నల్లబడి ఉంది.
ఆ వేలితో చిల్లు అంచు తడిమి,
తుప్పు అంటిన వేలిని
తుడుచుకోకుండా
మళ్ళీ గ్లవుజులోకి దూర్చింది.

పార్కింగ్‌లో మిలుటిన్ నా పక్కకొచ్చాడు.
ధరేమో అనుకున్నాను.
"మరి క్యారేజీ పిడి?" అన్నాడు.
"కొత్త వాషరు వేశాను.
హార్డ్‌వేర్ షాపులో, ముప్పై అయిదు సెంట్లు."
తల ఊపాడు.
"ఎక్కువే" అన్నాడు.