ఏడు వంతెనల పటం

జాబ్జేలో మా వంటగదిలో ఒకటే కంప్యూటర్,
దాని ముందు ఒకటే కుర్చీ.
వంతు వచ్చినవాళ్ళు కూర్చోవాలి,
మిగతా ముగ్గురం గోడవైపు తిరగాలి.
ఎర్విన్ ఓపా పెట్టిన రూలు.
మా తాత యుద్ధరహస్యాలన్నీ
ఆ గోడ మీది పెచ్చులకి తెలుసు, మాకు తెలీదు.

పటం మాత్రం ఎప్పుడూ అదే, ఏడు వంతెనలు.
అదే నది, అదే బంగారు కోట,
మూడో వంతెన కింద గురకపెట్టే అదే డ్రాగన్.
"అరిగిపోయిన ఆటలో ఇంకా ఏముందే?"
బంగాళాదుంపలు చెక్కుతూ అమ్మ.
"ఈసారి నేను బురదజాతి కదమ్మా!"

పక్కింటి హల్ష్కా నర్సు.
నైట్ డ్యూటీ దిగి, బూట్లైనా విప్పకుండా
శవసేనను ఎంచుకునేది.
"వీళ్ళకి ఆకలుండదు, నొప్పుండదు,
పడినవాళ్ళు తెల్లారేసరికి లేస్తారు.
నా వార్డులో చూడాలి ఇలాంటిది."
ఆ మాట నవ్వుతూ అనేది కాదు.

తమ్ముడు వితోల్ద్‌కి గాలిగుర్రాలు.
గోడ కట్టడు, గాదె నింపడు,
మొదటివారం దండయాత్ర, మూడోవారం దివాలా.
ప్రతి ఆదివారం అదే ఓటమి,
ఏడుపు మాత్రం సరికొత్తది.

నాకు ఒక జాతి మీద మనసు నిలవదు.
బురదజాతినై ఈదితే నది రాజబాట,
గుర్రమెక్కితే అదే నది గోడ,
శవాలు దాని అడుగున
తడుస్తున్నామన్న ధ్యాసైనా లేక నడిచిపోతాయి.
ఇన్నేళ్ళలో నేను దాటింది ఒక్క నదినేనా?

ఓపాది మాత్రం పదకొండేళ్ళుగా గనిజాతే.
ముప్పైనాలుగేళ్ళు బొగ్గులో ఉండి వచ్చి
మళ్ళీ సొరంగమా, ఎవరి పిచ్చి వారికానందం!
ఆయన వంతు వచ్చిందంటే
టీ చల్లారేది, మళ్ళీ పెట్టిన టీ కూడా.
మౌస్‌ని కోడిగుడ్డులా పట్టుకుని
అడుగు తీసి అడుగేసేలోగా
"కొండను తవ్వి ఎలుకను పడుతున్నాడు"
అని గోడకి చెప్పేవాడు వితోల్ద్.

ఈ చలికాలం ఊపిరితిత్తులు మొండికేసి
ఓపాను కొండల్లోని శానటోరియానికి పంపారు.
"నాలుగో వంతు కంప్యూటర్‌కి ఇచ్చేద్దాం" అన్నాడు వితోల్ద్.
ఇవ్వలేదు.
గనిజాతి బొమ్మ మీద నేను నొక్కాను, మొట్టమొదటిసారి.

తెరంతా చీకటి.
వంతెనలు లేవు. కోట లేదు.
వీళ్ళకి నది అంటే పైకప్పు నుంచి కారే చెమ్మ,
వంతెన అంటే నెత్తిన రాలే దుమ్ము.
ఎక్కడో హల్ష్కా సేన కదిలితే
గిన్నెలు సన్నగా మోగుతాయి, అంతే.
ఒక గడి తవ్వితే ఒక దుంగ నిలబెట్టాలి,
ఆగి, చెవి ఆనించి వినాలి.
నేను వినలేదు.
కూలింది. పన్నెండు మంది.

ఆటే, తెలుసు.
అయినా చెయ్యి మౌస్ మీంచి దానంతటదే లేచింది.
తర్వాతి వంతుకి నలభై నిమిషాలు తీసుకున్నాను.
వెనక గోడవైపు నుంచి
నత్త అన్న మాట ఎవరూ అనలేదు.

ఆదివారం బస్సెక్కి, గళ్ళ నోటుబుక్కులో
సొరంగాలన్నీ గీసుకుని వెళ్ళాను.
"ఓపా, తొమ్మిదో వంతులో తూర్పుకి తవ్వుంటే
తిన్నగా కోట నేలమాళిగలో తేలేవాడివి.
పదకొండేళ్ళూ తప్పు ఆడావు."

ఆక్సిజన్ గొట్టం సవరించుకుని
నా కాగితం మీద, తూర్పున, వేలు పెట్టాడు.
"అటు నీళ్ళుంటాయే, పిచ్చిదానా.
అటు ఎవరూ వెళ్ళకూడదు."

"ఆటలో లేవు ఓపా. నేను వెళ్ళి చూశాను."

కిటికీ అవతల మంచు పడుతోంది.
వేలు అక్కడే ఉంచి చాలాసేపు ఆలోచించాడు,
ఎప్పటిలాగే, మా సహనాన్ని పరీక్షిస్తూ.

"లేవా?"

తర్వాత,
"ఆ పెన్సిల్ ఇలా పడెయ్.
నువ్వు అటు తిరుగు."