గీకుడే పని

వీక్లీ ఆఫ్ మంగళవారం పడింది.
వాన ఆగి నాలుగు రోజులు,
చెక్క ఆరి ఉంటుంది అనుకున్నాను.

బర్కత్‌పురా సందులో మొదటి అంతస్తు,
పడమటి కిటికీ.
రంగు మినప్పొట్టులా లేచి ఉంది.
పొద్దున ఊడిస్తే చారెడు పెచ్చులు,
సాయంత్రానికి మళ్ళీ చారెడు.

నల్లకుంట హార్డ్‌వేర్ దుకాణంలో
ముజ్తబా భాయ్ డబ్బా మీద చెయ్యే వెయ్యడు.
"రంగు తర్వాత, కండక్టరమ్మా.
మూడొంతులు గీకుడు, ఒక వంతు పూసుడు.
గీకకుండ పూస్తే
మీద కొత్త రంగు, కింద పాత పొక్కు."
లప్పం పట్టీ, రెండు రకాల రెగ్‌మాల్,
అర లీటరు ప్రైమరు, సీసాలో టర్పెంటు
పాత పేపర్లో చుట్టిచ్చాడు.
మూడువందల నలభై. చిల్లర నేనే సరిగ్గా ఇచ్చాను.

ఓనరుగారికి ఫోన్ చేస్తే
"గోడలకు సున్నం నా వంతన్నాను గానీ
కిటికీలు అనలేదే" అన్నారు
చాలా మర్యాదగా.
సరే.

పట్టీ ఆనించి తోస్తే మొదట తేలిగ్గానే వచ్చింది,
ఉడికిన చామదుంప తొక్కలా.
తెలుపు కింద నీలం.
నీలం కింద పచ్చ.
పచ్చ దగ్గర పట్టీ మొండికేసింది.
ఎవరో పనితెలిసినవాడు వేసిన పచ్చ.
బ్రష్షు గీతలన్నీ ఒకటే వైపు,
మూలల్లో కూడా తొందర లేదు.
పట్టుకుని ఉన్నదాన్ని గీకడమెందుకని
రెగ్‌మాల్‌తో కాస్త నిమిరి వదిలేశాను.

అడుగు చట్రం దగ్గర, నీళ్లు నిలిచే చోట,
వేలు పెట్టి నొక్కాను.
వేలు లోపలికి పోయింది.
అక్కడ చెక్క లేదు.
ఎన్నేళ్ల నుంచో
రంగే చెక్కలా నిలబడి ఉంది.
దాని మీదే రోజూ టీ గ్లాసు పెట్టాను,
కొత్తిమీర డబ్బా పెట్టాను,
మోచెయ్యి ఆనించి గంటలు గంటలు ఫోన్ మాట్లాడాను.

మా డిపోలో భారతమ్మ ఉండేది.
ఇస్త్రీ మడత చెదరని ఖాకీ, పిన్నులు పెట్టిన ముడి,
పదిహేనేళ్లు.
ఒకరోజు క్యాష్ కడుతూ కడుతూ
కిందనే కూర్చుండిపోయింది.
అందాకా ఎవరం వేలు పెట్టి చూడలేదు.

పుచ్చినదంతా తవ్వాను,
పట్టీ కొనకు టక్కుమని గట్టి చెక్క తగిలేదాకా.
సందు చివర వడ్రంగి కార్ఖానాలో
రంపంపొట్టు అడిగితే సంచీ నింపి ఇచ్చారు,
డబ్బులు తీసుకోలేదు.
ఫెవికాల్ కలిపి ముద్ద చేసి
బూరెలోకి పూర్ణంలా కూరాను.
ఎండబెట్టి, గీకి, మళ్ళీ కూరి.
ఎంత సబ్బు పెట్టినా చేతికి టర్పెంటు వాసన,
పప్పుచారుక్కూడా అదే.

ఎడమ రెక్క
నేను కిరాయికి వచ్చిన ఆరేళ్లలో తెరుచుకోలేదు.
మేకు కొట్టారనుకున్నాను.
మేకు లేదు.
రెక్కకూ చట్రానికీ కలిపి ఒకటే పూత పూసేశారు, అంతే.
సందు గీకి అరచేత్తో ఒక్కటేస్తే
కీచుమని తెరుచుకుంది.
అవతల పెద్దగా ఏమీ లేదు.
ఎదురింటి గోడ, ఏసీ డబ్బా,
దాని మీద పావురం.
నన్ను చూసి ఎగరను కూడా లేదు.
గాలి మాత్రం వచ్చింది.

ప్రైమరు అయ్యేసరికి ఐదున్నర.
రేపు తెల్లారగట్ల ఉప్పల్ బండి ఎక్కాలి,
రంగు వచ్చే ఆఫ్‌కే.
ఈ వారమంతా కిటికీ
అరగదీసిన గులాబీ రంగులో ఉంటుంది.

పక్కవాటా పిల్లాడు చూసి
"ఆంటీ, ఇదేనా కలర్?" అన్నాడు.
"కాదురా, ఇది లోపల ఉండేది" అన్నాను.
వాడు ఒకసారి ముట్టుకుని చూసుకుని
వేలు నిక్కరుకు తుడుచుకున్నాడు.