ఎడమ మర

మెంజీస్ దాటాక ఎర్రమట్టి దారిలో
సరిగ్గా తొంభై దగ్గర మొదలయ్యేది.
ముందు స్టీరింగ్, తర్వాత నా మోచేతులు,
ఆపైన అద్దానికి అంటించిన గని పర్మిట్ కాగితం,
చలిజ్వరం వచ్చినట్టు బండి బండంతా.
కాలు తీస్తే తగ్గేది.
తగ్గాకే తెలిసేది నోట్లో దుమ్ము రుచి.

బౌల్డర్‌లో మా వెనక సందులో ఉంటాడు మిర్కో.
నలభై ఏళ్లు గనిలో ఫిట్టరు.
వంగి బండి కిందికి చూసి
"రాయా, కంగారూనా?" అన్నాడు.
కంగారూ అంటే కాస్త పరువు దక్కేదేమో.
రాయే, అన్నాను.
రెండు చక్రాలనూ కలిపే అడ్డరాడ్డు
బరువెక్కిన కావడిబద్దలా వంగిపోయి ఉంది.
ఒకటి ఎడ్డెమంటే ఇంకోటి తెడ్డెం
ఎన్నాళ్లనించి అంటోందో,
నేనేమో టైర్లను తిట్టుకుంటున్నాను.

కొత్త రాడ్లు పెర్త్ నించి లారీలో వచ్చాయి.
పాతది బొటనవేలంత, కొత్తది రోకలంత.
అట్టపెట్టె విప్పుతుంటే నూనె వాసన.
మిర్కో పానా అందుకోడు.
కప్పులో టీ సగమే పోయమంటాడు.
బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని
టార్చి మాత్రం తనే పడతానన్నాడు.
ఆ వెలుగు ఆక్సిల్ మీద ఒకచోట నిలవదు,
నట్టు దగ్గరికి వస్తుంది, పోతుంది,
మళ్లీ వస్తుంది.
వచ్చినప్పుడు చూసుకుని
పోయినప్పుడు వేళ్లతో తడుముకోవడం
పది గంటలకల్లా అలవాటైంది.

"నట్టు పూర్తిగా తీయకు.
నాలుగు మరలుంచు, లేకపోతే నీ ముక్కు పోతుంది.
బంతిని కొట్టకు.
అది కూర్చున్న కన్నాన్ని పక్కనించి కొట్టు.
ఊఁ, కోపంగా కాదు. గట్టిగా."
ఆ రెంటికీ తేడా
తొమ్మిదో దెబ్బకి తెలిసింది.
టప్పుమని ఊడి వేలాడింది
ముప్ఫై ఏళ్ల తుప్పు.

రెండో కొసన లాక్‌నట్టు మాత్రం కదలదు.
కాలు తన్నిపెట్టి, పైపు తగిలించి,
అమ్మ నేర్పని మాటలన్నీ వాడి
అరగంటసేపు తిప్పాను.
అరగంటా బిగిస్తున్నానట.
మిర్కో చూస్తూనే ఉన్నాడు, సగం టీ తాగుతూ.
"అది ఎడమ మర," అన్నాడు చివరికి.
"ముందే చెప్పొచ్చుగా?"
"చెబితే మర్చిపోతావు."

మధ్యాహ్నం పెద్ద గోతిలో మందు పేల్చారు.
స్టాండ్ల మీద బండి
ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలినట్టైంది.
దాని కింద నేను. నాతోపాటు ఒక బల్లి.
ఇద్దరం కదల్లేదు.

తర్వాత టైర్ల మీద సుద్దగీతలు,
ఇటునించి అటు దారం, టేపు.
ముందు కొలత, వెనక కొలత.
రాడ్డు నడిమిని పట్టుకుని తిప్పితే
రెండు కొసలూ ఒకేసారి దగ్గరికొస్తాయి,
ఒకేసారి దూరంగా జరుగుతాయి.
ఓహో, అందుకా ఎడమ మర!
నా మొహం చూసి మిర్కో తల తిప్పుకున్నాడు,
నవ్వు కనిపించకుండా.
ముందువైపు రెండు మిల్లీమీటర్లు తక్కువ ఉంచమన్నాడు.
ముక్కుసూటిగా పోవాలంటే
రెండూ రవ్వంత లోపలికి చూడాలట.
ఎందుకని అడిగితే
"దారి వాటిని విడదీస్తుంది కాబట్టి," అని
బిస్కెట్ అడిగాడు.

స్ప్లిట్ పిన్నులు వంచి, గ్రీజు పట్టించి,
పొద్దు వాలుతుండగా బయల్దేరాం.
పక్క సీట్లో మిర్కో, చేతులు తొడల కింద.
డెబ్బై. ఎనభై.
రేకు మడతల్లాంటి రోడ్డు
సీటులో దరువేస్తోంది గాని
స్టీరింగ్ నా అరచేతిలో
తొట్టిలో నీళ్లలా ఉంది.
తొంభై.
ఇద్దరం మాట్లాడలేదు.
తొంభై అయిదు.
అతను ఒక చెయ్యి బయటికి తీసి
స్టీరింగ్ అంచున ఆనించాడు.
కాసేపు చూశాడు.
"ఇంక వణికేది నేనొక్కణ్ణే," అన్నాడు.
నవ్వాలో లేదో తెలియక
అద్దం మీద దుమ్ము తుడిచాను, లోపలివైపు,
దుమ్ము బయటుంటే.

తిరిగి వచ్చేటప్పుడు
ఎడమ చక్రం దగ్గర ఏదో కీచుమంది.
విన్నావా, అన్నాను.
ఎప్పుడో విన్నాడట.
"అది ఆదివారం," అన్నాడు.