వాస్తవం అనే గడి

బడ్జెట్ పుస్తకం ఇటుకంత మందం.
జోనల్ ఆఫీసు చుట్టూ పదకొండు రోజులు తిరిగితే
జిరాక్సు తీసుకోనిచ్చారు.
షిప్‌యార్డు పద్దుల్లో ముప్పై మూడేళ్లు అరిగిన బెహరా జగ్గారావు గారు
ఒక్కో వరుస కింద స్టీలు స్కేలు పెట్టి
చేపలో ముళ్లు ఏరుతున్నట్టు చదివారు.

చుట్టూ మేము.
మా అపార్టుమెంట్ల సంఘం, ఆయన క్వార్టర్ల సంఘం,
జీడితోట కొండ మెట్ల కమిటీ,
కింద ఒడ్డున పోలమాంబ వాళ్ల పొదుపు సంఘం.
నిన్నటిదాకా ఒకరి అర్జీ మీద ఇంకొకరి అర్జీ పెట్టినవాళ్లం.
మా రోడ్డు ముందు, కాదు మా లైటు ముందు.
గుమస్తా మాత్రం అందర్నీ
ఒకే ట్రేలో సర్దేవాడు.

మమ్మల్ని కలిపింది మేము కాదు, గెడ్డ.
కొండ మీద వాన పడితే ఎర్రగా లేస్తుంది,
మెట్ల పక్క ఏటా ఒక గోడను అడిగి తీసుకుంటుంది,
మా సెల్లారులో కార్ల మోకాళ్లదాకా కూర్చుంటుంది,
క్వార్టర్ల వెనక సంచుల్ని, చెప్పుల్ని, ఓసారి ఒక పరుపుని
తోడు తీసుకుని
పోలమాంబ గడప ఎక్కి
సముద్రం ఎటని దారడుగుతుంది.

పుస్తకంలో దానికీ ఒక వరుసుంది:
గెడ్డల పూడికతీత, రక్షణగోడలు.
అంచనా నలభై లక్షలు.
సవరించిన అంచనా పన్నెండు.
వాస్తవం...
స్కేలు ఆగింది.
జగ్గారావు గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.
సున్నా కూడా కాదు. అడ్డగీత.

"గీతంటే ఏటండి?" అంది పోలమాంబ.
ఎవరం చెప్పలేదు.
"మా ఇంట్లోకి నీరు ఇక్కడిదాకా ఒచ్చీసి ఆగిపోనాది" అని
తన రొమ్ము దగ్గర అరచెయ్యి అడ్డంగా పెట్టింది.
"గోడ మీద ఆ మరకా గీతే.
రెండూ ఒక్కలాగే ఉన్నాయి."

నా ఒళ్లో మా సంఘం ఫైలుంది.
నడకదారి, రంగు పలకలు, పన్నెండు బెంచీలు,
ఐదేళ్లుగా నేనే సెక్రటరీగా మోస్తున్న ఫైలు.
ఆ సాయంత్రం దాన్ని తెరవలేదు.
ఈ ఏడు పెద్ద పని ఒకటే అడగొచ్చట, వార్డు మొత్తానికి.

మా మేడ మీద రెండు రాత్రులు అరుచుకున్నాం.
"ఎక్కడో కొండ మీద గోడకి మన పన్నెందుకు?"
మూడో అంతస్తు వర్ధనరావు న్యాయంగానే అడిగాడు.
నాకు జవాబు తోచలేదు.
సెల్లారులోకి తీసుకెళ్లి మూలన గట్టిపడ్డ మట్టి చూపించాను.
"ఇది ఎవరిదండీ?"
ఆయన చెప్పుతో కాస్త గీకి చూశాడు.
ముప్పై ఒకటి, ఇరవై ఏడు. గెలిచాం.
ఆయన ఓటు ఎటో నేను అడగలేదు.

అర్జీ మీద మూడు రబ్బరు స్టాంపులు, ఒకదాని మీదికొకటి ఎక్కి,
స్టాంపు లేని సంఘానివి నలభై రెండు సంతకాలు,
ఆరు వేలిముద్రలు.
కౌన్సిల్ హాలు వరండాలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాం,
ఎవరి క్యారియర్‌లో ఎవరు తిన్నామో గుర్తులేదు.
చింతపండు చేపల పులుసు మాత్రం గుర్తుంది.

గోడ వచ్చింది. సగం.
మిగతాది వచ్చే ఏడు చూద్దామన్నారు.

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ కొండ మెట్లెక్కాను,
నూట అరవై నాలుగు, మూడు చోట్ల ఆగాను.
మెట్ల కమిటీ సిమ్మ అసిరినాయుడు నీళ్లిచ్చాడు.
ఆ నీళ్ల బిందె కూడా అవే మెట్లెక్కి వచ్చింది.
అక్కణ్నుంచి మా బిల్డింగు కనబడుతోంది,
నీళ్లు పొర్లిపోతున్న మా ట్యాంకు,
ఎవరూ ఆపని మోటారు.
అతను ఏమీ అనలేదు.
నేను ఫోను తీసి వాచ్‌మన్‌కి చెప్పాను.

నిన్న జగ్గారావు గారి ఫోను:
"కొత్త పుస్తకం వచ్చిందిట.
నా స్కేలు ఎవరింట్లో మరిచిపోయానో!"
పోలమాంబ దగ్గరుందన్నాను.
మొన్నటి వాయుగుండం తర్వాత
గోడ మీద కొత్త మరకని కొలుస్తోంది.
పాతదానికి నాలుగు అంగుళాలు కింద.
అక్కడ బొగ్గుతో తేదీ కూడా వేసింది,
వాస్తవం అనే గడిలో
రాసుకోవడానికి.